జాబ్ కార్డులో ఏం రాశారు? ఓ కొత్త కారు కేసు పూర్తి వివరాలు

ఆవిడ నా లాయర్ ఆఫీసులో కూర్చోగానే ప్లాస్టిక్ కవర్లోంచి కాగితాలు తీసి టేబుల్ మీద వరసగా పరిచారు. ఏడు జాబ్ కార్డులు (కారు సర్వీసుకిచ్చిన ప్రతిసారీ వర్క్‌షాప్‌లో రాసే కాగితాలు), ఇన్‌వాయిస్, వారంటీ బుక్‌లెట్, లోన్ కాగితాలు. కారు కొని అప్పటికి పదకొండు నెలలు. ప్రభుత్వ హైస్కూల్లో టీచర్ ఆమె. ఉండేది నల్గొండ జిల్లాలో, కారు కొన్నది హైదరాబాద్‌లో. తల్లికి క్యాన్సర్ చికిత్స నడుస్తోంది. ఇరవై ఒక్క రోజులకోసారి కీమో కోసం హైదరాబాద్ తీసుకెళ్లాలి. బస్సులో ఆ మనిషిని కూర్చోబెట్టలేక, పదకొండు లక్షల నలభై వేల రూపాయల కారును ఏడేళ్ల లోన్ మీద కొన్నారు.

సమస్య ఏమిటంటే, హైవే మీద గంటసేపు బాగానే పోతుంది. ఆ తర్వాత ఉన్నట్టుండి ఇంజిన్ లైట్ వెలుగుతుంది, పికప్ పడిపోతుంది. యాక్సిలరేటర్ ఎంత తొక్కినా నలభై దాటదు. పక్కకు ఆపి, ఇంజిన్ కట్టేసి, పది నిమిషాలాగి స్టార్ట్ చేస్తే ఏమీ జరగనట్టే మళ్లీ నడుస్తుంది. మెకానిక్‌లు దీన్ని లింప్ మోడ్ అంటారు. ఇంజిన్‌కు హాని జరగకుండా కంప్యూటర్ తనంతట తానే శక్తిని తగ్గించేస్తుంది. ఇంజిన్‌కు అది రక్షణే కావచ్చు, కానీ పంతంగి టోల్ దాటాక వెనక లారీ తరుముకొస్తున్నప్పుడు, కీమో చేయించుకుని నీరసంగా పడుకున్న తల్లి వెనక సీట్లో ఉన్నప్పుడు కారు నలభైకి పడిపోతే ఎలా ఉంటుందో ఆవిడ చెప్తుంటే నాకే చేతులు చల్లబడ్డాయి.

“ఏడుసార్లు తీసుకెళ్లాను సార్. వెళ్లిన ప్రతిసారీ ‘మేడం, ఇప్పుడు ఓకే అయిపోయింది’ అన్నారు. నాకు ఈ కారు వద్దు. కొత్త కారు ఇప్పిస్తారా?”

ఈ ప్రశ్న దగ్గర నేను ఒక పొరపాటు చేశాను. దాని గురించి కాసేపట్లో చెప్తాను. క్లయింట్ ఒప్పుకున్నాకే, గుర్తుపట్టే వివరాలన్నీ తీసేసి ఈ కేసు గురించి రాస్తున్నాను. డీలర్ పేరు, కంపెనీ పేరు ఇక్కడ అవసరం లేదు.

మన దగ్గర లెమన్ లా లేదు

అమెరికాలో కొత్త కారు పదేపదే చెడిపోతే దానికోసం ప్రత్యేకంగా చట్టాలున్నాయి. వాటిని లెమన్ లా అంటారు. 1982లో కనెక్టికట్ రాష్ట్రం మొదట తెచ్చింది, తర్వాత మిగతా రాష్ట్రాలూ తెచ్చుకున్నాయి. వాటిలో చాలావరకు ఒక లెక్క ఉంటుంది. ఒకే లోపానికి ఇన్నిసార్లు రిపేరు చేసినా పోకపోయినా, కారు ఇన్ని రోజులు వర్క్‌షాప్‌లోనే ఉండిపోయినా కంపెనీయే కారు మార్చాలి, లేదా డబ్బు వెనక్కివ్వాలి. మన దేశంలో అలాంటి లెక్క ఏ చట్టంలోనూ లేదు. మూడుసార్లు రిపేరుకెళ్తే కారు మార్చాల్సిందేనని చాలామంది నమ్ముతారు. అది నిజం కాదు. ఏడుసార్లు వెళ్లినా, పదిసార్లు వెళ్లినా ఆ లోపం ఫ్యాక్టరీ నుంచే వచ్చిందని రుజువు చేసుకోవాల్సింది కొన్నవాళ్లే.

ఆ రుజువు మొదలయ్యేది సర్వీస్ కౌంటర్ దగ్గర, జాబ్ కార్డు మీద. లాయర్ దగ్గరికి వచ్చేసరికి సగం కేసు అక్కడే రాసేసి ఉంటుంది. బాగా రాసి ఉందా, చెడగొట్టి ఉందా అన్నదే తేడా.

ఏడు కాగితాలు, మూడింట్లో ఒకే మాట

జాబ్ కార్డు మీద కస్టమర్ చెప్పిన ఫిర్యాదును రాయడానికి ఒక గడి ఉంటుంది. సర్వీస్ వాళ్లు దాన్ని ‘కస్టమర్ వాయిస్’ అంటారు. ఆ సాయంత్రం నేను మొదట చూసింది ఆ గడినే. మొదటి మూడు కార్డుల్లో అక్కడున్నది ‘జనరల్ చెకప్’. నాలుగో దాంట్లో ‘ఇంజిన్ లైట్ చెక్’. ఐదో దాంట్లో మాత్రమే ‘హైవేలో పికప్ తగ్గుతోంది’ అని ఉంది. ఆరు, ఏడుల్లో మళ్లీ ‘రిపీట్ కంప్లైంట్’ అన్న రెండే రెండు మాటలు, దేని గురించో లేదు.

“నేను ప్రతిసారీ మొత్తం చెప్పాను సార్. అబ్బాయి ట్యాబ్‌లో టైప్ చేసుకున్నాడు, సంతకం పెట్టమన్నాడు, పెట్టాను” అన్నారు ఆవిడ.

నా దగ్గరికి వచ్చే ప్రతి పది మందిలో తొమ్మిది మంది చెప్పేది ఇదే. ఉదయం రద్దీలో కౌంటర్‌లోని సర్వీస్ అడ్వైజర్‌కు ఒక్కో బండికి రెండు నిమిషాలు దొరుకుతాయి, తయారుగా ఉన్న మెనూలోంచి ఒకటి నొక్కేస్తాడు. అతని మనసులో దురుద్దేశం ఉండకపోవచ్చు. కానీ రేపు కంపెనీ లాయర్ ఆ మూడు కార్డులూ చూపించి ‘మొదటి ఐదు నెలల్లో ఈ ఫిర్యాదే లేదు, వాడకంలో వచ్చిన సమస్య ఇది’ అంటాడు. ఈ కేసులో అచ్చంగా అలాగే అన్నారు.

ఆ లోటు పూడ్చడానికి మాకు మూడు వారాలు పట్టింది. మొదట, అడ్వైజర్‌తో ఆవిడ వాట్సాప్ సంభాషణ. రెండో సర్వీసుకు ముందు రోజు రాత్రి ‘బ్రదర్, మళ్లీ హైవే మీద స్పీడు పడిపోయింది, రేపు తెస్తున్నా’ అని ఆవిడ పెట్టిన మెసేజ్, దానికి అతను పెట్టిన ‘ఓకే మేడం’ ఉన్నాయి. ‘జనరల్ చెకప్’ అని రాసిన కార్డు మరుసటి ఉదయానిదే. తర్వాత, రోడ్డు పక్క సాయం కోసం కంపెనీ హెల్ప్‌లైన్‌కు రెండుసార్లు ఫోన్ చేసినప్పుడు వచ్చిన ఎస్సెమ్మెస్‌లు. వాటిలో టికెట్ నంబరు, తేదీ, సమయం అన్నీ ఉంటాయి. అది కంపెనీ సొంత రికార్డు కాబట్టి కాదనలేరు. ఫాస్టాగ్ స్టేట్‌మెంట్ కూడా పనికొచ్చింది. రెండు టోల్‌గేట్ల మధ్య మామూలుగా పట్టే సమయం కంటే ఆ రోజుల్లో ఎంత ఎక్కువ పట్టిందో అందులో కనబడుతుంది. డ్యాష్‌బోర్డు మీద లైట్ వెలుగుతున్న వీడియోలు నాలుగు దొరికాయి. ఒకదాంట్లో వెనకనుంచి వాళ్లమ్మ గొంతు కూడా వినిపిస్తుంది, “ఆపు బిడ్డా, ఆపు” అని.

ఫోన్‌లోని వీడియోలు, మెసేజ్‌లు దాఖలు చేసేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ జతచేశాం. పాత చట్టంలో 65బి అని పిలిచేదే ఇది. వినియోగదారుల కమిషన్లు సాక్ష్యం విషయంలో సివిల్ కోర్టులంత పట్టుదలగా ఉండవు. అయినా అవతలి పక్షానికి ఒక అభ్యంతరం తగ్గుతుంది కదా. ఒరిజినల్ ఫోన్‌ను మాత్రం అమ్మొద్దని, ఫార్మాట్ చేయొద్దని ఆవిడకు గట్టిగా చెప్పాను.

కేసు ఎక్కడ, ఏ చట్టం కింద

ఇక్కడ పెద్ద చిక్కులేమీ లేవు. వినియోగదారుల రక్షణ చట్టం 2019, అమల్లోకి వచ్చింది 2020 జూలై 20న. సొంత వాడకానికి కొన్న కారు కాబట్టి ఆవిడ వినియోగదారే. కారు కోసం చెల్లించిన మొత్తం 50 లక్షల లోపైతే జిల్లా కమిషన్, అక్కడి నుంచి 2 కోట్ల దాకా రాష్ట్ర కమిషన్, ఆపైన జాతీయ కమిషన్. పాత చట్టంలో అడిగే పరిహారం కూడా కలిపి లెక్కేసేవారు, ఇప్పుడు చెల్లించిన ధర ఒక్కటే చూస్తారు. కారు ధర 10 నుంచి 20 లక్షల మధ్య కాబట్టి కమిషన్‌లో కట్టే ఫీజు 400 రూపాయలు.

అన్నింటికంటే ఆవిడకు మేలు చేసింది సెక్షన్ 34(2)(డి). ఫిర్యాదుదారు నివసించే చోట, లేదా పనిచేసే చోట కూడా కేసు వేయొచ్చు. ఇన్‌వాయిస్ వెనక సన్న అక్షరాల్లో ‘వివాదాలన్నీ ఫలానా నగరంలోని కోర్టుల్లోనే’ అని ఉంటే భయపడక్కర్లేదు. మేం నల్గొండలోనే వేశాం. కంపెనీ లాయర్‌ను అక్కడికి రప్పించడం వేరు, కీమో పేషెంట్‌ను ఇంట్లో వదిలి ఈవిడ నగరాల చుట్టూ తిరగడం వేరు.

గడువు రెండేళ్లు, సెక్షన్ 69. లోపం పదేపదే వస్తుంటే చివరి జాబ్ కార్డు నుంచి లెక్కేసుకోవచ్చని కొందరు ధైర్యం చెప్తారు. నేను చెప్పను. మొదటిసారి లోపం కనబడ్డ రోజు నుంచే రెండేళ్లు లెక్కపెట్టుకుని, ఆ లోపే వేయడం క్షేమం. ‘వచ్చే సర్వీసులో చూస్తాం’ అన్న మాట మీద గడువు దాటబెట్టుకున్నవాళ్లు నాకు తెలుసు.

కొత్త చట్టంలో ప్రొడక్ట్ లయబిలిటీ అని ఒక అధ్యాయం ఉంది కదా, దాని కింద ఎందుకు వేయకూడదని ఒక జూనియర్ అడిగాడు. మంచి ప్రశ్నే. కానీ ఆ అధ్యాయంలో ‘హాని’ అన్న మాటకు ఇచ్చిన నిర్వచనంలో వస్తువుకే జరిగిన నష్టం రాదు. కారు వల్ల మనిషి గాయపడితే, ప్రాణం పోతే, ఇంకో ఆస్తి పాడైతే అది పనికొస్తుంది. కారు డబ్బు వెనక్కి రావాలంటే మాత్రం వస్తువులో లోపం, సేవలో లోపం అనే పాత దారే సరైనది.

మరికొందరు పోలీస్ స్టేషన్‌కు వెళ్దామంటారు. చీటింగ్ కేసు పెడితే కంపెనీ దిగొస్తుందని వాళ్ల ఆశ. 2009 సెప్టెంబరులో కొన్న ఒక బీఎండబ్ల్యూ 7 సిరీస్ కారు మీద మన ఉమ్మడి రాష్ట్రంలోనే అలా క్రిమినల్ కేసు నడిచింది. 2012లో హైకోర్టు ఆ కేసు కొట్టేస్తూనే, పాత కారు బదులు కొత్తది ఇమ్మంది. చివరికి 2024 జూలైలో సుప్రీంకోర్టు ఆ ఆదేశాన్ని పక్కనబెట్టి, కంపెనీ 50 లక్షలు చెల్లించి వ్యవహారం ముగించుకోవాలంది. దాదాపు పదిహేనేళ్లు. టీచర్ జీతం మీద బతికే మనిషిని ఆ దారిలో పంపడానికి నాకు మనసొప్పలేదు.

నా పొరపాటు

నోటీసు పంపడం చట్టప్రకారం తప్పనిసరి కాదు, అయినా పంపుతాం. డీలర్‌కు, కంపెనీకి విడివిడిగా స్పీడ్ పోస్ట్‌లో, ఈమెయిల్‌లో పదిహేను రోజుల గడువుతో పంపాను. అందులో నేను అడిగింది ఒక్కటే: కారు మార్చి కొత్తది ఇవ్వాలి. ఆవిడ బాధ విన్న వేడిలో రాసిన నోటీసు అది.

కంపెనీ ఇచ్చిన జవాబు రెండు పేజీలు. అందులో అసలు సరుకు ఒకే పేరా. వారంటీ షరతు ప్రకారం లోపమున్న భాగాన్ని రిపేరు చేయడం లేదా మార్చడం మాత్రమే తమ బాధ్యత, మొత్తం వాహనం మార్చే బాధ్యత లేదు. దానికి వాళ్లు ఆధారంగా చూపింది 2006లో సుప్రీంకోర్టు ఇచ్చిన మారుతీ ఉద్యోగ్ తీర్పు. అందులో క్లచ్ సమస్య ఉన్న కారును మార్చి ఇవ్వాలన్న కింది ఆదేశాన్ని సుప్రీంకోర్టు రద్దు చేసి, లోపమున్న భాగం మారిస్తే చాలని, ప్రయాణ ఖర్చుల కింద 50 వేలు ఇవ్వమని చెప్పింది. కారు కేసుల్లో కంపెనీలు మొదట బయటికి తీసే కాగితం ఇదే. నాకు తెలియని తీర్పు కాదు. తెలిసీ నోటీసులో ఒకే ఒక్క కోరిక పెట్టాను. కమిషన్ ‘కారు మార్చడం కుదరదు’ అని ఒక్క మాట అనేస్తే ఆవిడ చేతిలో మిగిలేది శూన్యం.

ఫిర్యాదు రాసేటప్పుడు సరిదిద్దుకున్నాను. సెక్షన్ 39 కింద కమిషన్ ఇవ్వగల ఉత్తర్వులన్నీ మెట్లుమెట్లుగా అడిగాం. కారు మార్చాలి. అది కుదరకపోతే ధర వడ్డీతో తిరిగివ్వాలి. అదీ కాదంటే స్వతంత్ర నిపుణుడి పర్యవేక్షణలో లోపం పూర్తిగా తొలగించాలి, ఆ భాగాలకు కొత్తగా వారంటీ ఇవ్వాలి, మళ్లీ అదే లోపం వస్తే డబ్బు తిరిగివ్వాలి. వీటిలో ఏది ఇచ్చినా మానసిక వేదనకు పరిహారం, కేసు ఖర్చులు వేరే. చివరి మెట్టు చివరి నిమిషంలో చేర్చింది, ఆ రాత్రి పదకొండింటికి. తర్వాత మమ్మల్ని కాపాడింది అదే.

డబ్బు లెక్కలో చాలామంది మరిచిపోయే విషయం ఒకటుంది. ‘కారు ధర’ అంటే ఇన్‌వాయిస్ ధర ఒక్కటే అవుతుంది. లైఫ్ ట్యాక్స్, ఇన్సూరెన్స్, రిజిస్ట్రేషన్ ఖర్చులు, యాక్సెసరీలు, లోన్ వడ్డీ వేటికవి విడిగా అంకెల్లో అడగాలి, రసీదులు పెట్టాలి. అడగనిది ఎవరూ ఇవ్వరు. కారు తాకట్టులో ఉంది కాబట్టి బ్యాంకుకు బాకీ ఎలా తీరుతుందో, ఆర్‌సీ కంపెనీ పేరిట ఎలా మారుతుందో కూడా ప్రార్థనలోనే, అంటే ఫిర్యాదులో మా కోరికలు రాసే భాగంలోనే రాశాం. లేకపోతే గెలిచాక అమలు దగ్గర నెలల తరబడి ఇరుక్కుంటాం.

ఈఎంఐ ఆపేస్తానని ఆవిడ ఒకసారి కోపంగా అన్నారు. వద్దన్నాను. బ్యాంకుకూ కారు లోపానికీ సంబంధం లేదు. ఆపితే సిబిల్ స్కోర్ పడిపోతుంది, పైగా రికవరీ వాళ్లు ఇంటికొస్తారు. ఆ టెన్షన్ కూడా ఈవిడ తలకెత్తుకోవాలా?

అవతలివాళ్లు ఏమన్నారు

నోటీసు అందిన 30 రోజుల్లో ప్రతివాదులు జవాబు వేయాలి. కమిషన్ ఇంకో 15 రోజులు పొడిగించగలదు, ఆపైన కుదరదు. 2020లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఈ 45 రోజుల హద్దు ఖచ్చితమైనదేనని తేల్చింది. కంపెనీ సరిగ్గా ఆఖరి వారంలో వేసింది.

డీలర్ ‘నేను అమ్మకందారును మాత్రమే, తయారీ లోపంతో నాకేం సంబంధం’ అన్నాడు. కంపెనీ ‘డీలర్ మా ఏజెంట్ కాదు, సర్వీస్ లోపాలకు మేం బాధ్యులం కాము’ అంది. ఇలా ఇద్దరూ ఒకరి మీద ఒకరు నెట్టుకోవడం మామూలే. 2021లో టాటా మోటార్స్ కేసులో, ముందే తిరిగిన పాత మోడల్ కారును డీలర్ కొత్తదిగా అమ్మినప్పుడు, ఆ మోసంలో తయారీదారుకు పాత్ర ఉందని చూపించనిదే కంపెనీని బాధ్యుల్ని చేయలేమని సుప్రీంకోర్టు చెప్పింది. అందుకే ఎవరి తప్పు ఏదో ఫిర్యాదులో విడదీసి రాశాం. ఫ్యాక్టరీ లోపం కంపెనీది. ఏడుసార్లూ అసలు కారణం వెతకకుండా, స్కానర్‌లో వచ్చిన లోపం కోడ్ చూపిన భాగం మార్చి పంపేయడం డీలర్‌ది. ఇద్దర్నీ కలిపి ‘ప్రతివాదులు మోసం చేశారు’ అని గంపగుత్తగా రాస్తే ఇద్దరూ జారిపోతారు.

వాళ్ల బలమైన వాదన ఇంకోటి: కారు 11,400 కిలోమీటర్లు తిరిగింది, తయారీ లోపమున్న బండి అంత దూరం ఎలా నడుస్తుంది? వినడానికి సమంజసంగానే ఉంటుంది. మేం ఆ కిలోమీటర్లను విడగొట్టి ఒక పట్టిక వేశాం. బడికి పోయిరావడం ఇంత, ఆస్పత్రికి ఇంత. ఆఖరి వరస: వర్క్‌షాప్‌కు ఏడుసార్లు పోయిరావడానికే 1,400 కిలోమీటర్లు. ఆ వరస చదివేటప్పుడు కమిషన్ అధ్యక్షుడు కళ్లజోడు పైకి జరుపుకుని, కంపెనీ లాయర్ వైపు చూశారు.

నిపుణుడి ముందు ఒక బోల్టు

ఎక్కువ కారు కేసులు ఓడిపోయేది ఇక్కడే. లోపాన్ని పరీక్ష లేకుండా తేల్చలేని సందర్భాల్లో తగిన ల్యాబ్‌కు పంపాలని సెక్షన్ 38(2)(సి) చెప్తుంది. ఆ ఫీజు ఫిర్యాదుదారే కట్టాలి. అలాగని ప్రతి కేసులోనూ నిపుణుడు అక్కర్లేదు. 2022లో హ్యుందాయ్ కేసులో, ప్రమాదంలో ఎయిర్‌బ్యాగులు తెరుచుకోకపోతే ఢీకొన్న వేగాన్నీ బలాన్నీ లెక్కగట్టే భౌతికశాస్త్ర నిపుణుడిలా వినియోగదారు ఉండాలని ఆశించలేమని సుప్రీంకోర్టు చెప్పి, కారు మార్చమన్న ఆదేశాన్ని నిలబెట్టింది. కానీ అక్కడ తెరుచుకోని ఎయిర్‌బ్యాగ్ అందరికీ కనబడింది. మా కేసులో లోపం వచ్చిపోయేది. కమిషన్ ఆవరణలో స్టార్ట్ చేస్తే హాయిగా నడిచే కారు ఇది.

మోటార్ వెహికల్ ఇన్‌స్పెక్టర్‌ను వేయమని కంపెనీ మెమో వేసింది. నేను వద్దన్నాను. ఆయన బండి రోడ్డు మీద తిరగడానికి పనికొస్తుందో లేదో చూస్తారు. ఆ రోజు లైట్ వెలగకపోతే ‘పనికొస్తుంది’ అని రాస్తారు, అంతటితో మా కేసు ముగుస్తుంది. ఇంజిన్ కంట్రోల్ యూనిట్, అంటే ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్ డేటా చదవగల మనిషి కావాలని ఐఏ (కేసు మధ్యలో వేసే దరఖాస్తు) వేశాం. కమిషన్ ఒక ప్రభుత్వ ఇంజినీరింగ్ కాలేజీ ప్రొఫెసర్‌ను నియమించింది.

నిపుణుడిని ఏం అడగాలన్నది రాయడానికి నాకు రెండు రోజులు పట్టింది. ‘తయారీ లోపం ఉందా?’ అని అడిగితే ‘స్పష్టంగా చెప్పలేం’ అన్న జవాబు రావడానికే ఎక్కువ అవకాశం. అందుకే ఇలా అడిగాం. ఏడు సర్వీసుల్లో స్కానర్ చూపిన కోడ్‌లన్నింటికీ ఒకే మూలం ఉండగలదా? ఉంటే అది ఏ భాగంలో? ఆ స్థితి వాడకం వల్ల గానీ, బయటి మెకానిక్ చెయ్యి వేయడం వల్ల గానీ వచ్చే వీలుందా? ఇంజిన్ వేడెక్కాక, లోడ్ మీద పరీక్షించారా? ఈ చివరి ప్రశ్న కోసమే కంపెనీ అభ్యంతరం చెప్పింది. కమిషన్ తోసిపుచ్చింది.

కోడ్‌ల గురించి ప్రశ్న ఎందుకంటే, ఏడుసార్లూ ఒకే కోడ్ రాలేదు. ఓసారి థ్రాటిల్, ఓసారి టర్బో ప్రెషర్, రెండుసార్లు సిస్టమ్ వోల్టేజ్ తక్కువ అని. డీలర్ ప్రతిసారీ ఆ కోడ్ చూపిన భాగాన్ని మార్చాడు. థ్రాటిల్ బాడీ, ఇగ్నిషన్ కాయిల్స్, ఫ్యూయెల్ పంప్, బ్యాటరీ, రెండు సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు. నాకు తెలిసిన ఒక పాత ఎలక్ట్రీషియన్‌కు ఈ లిస్టు చూపిస్తే, పైనుంచి కిందికి చదివి, “అన్నా, ఇన్ని పార్టులు ఒకేసారి చెడిపోవు. ఎర్త్ చూడమను” అన్నాడు. ఎర్త్ అంటే బ్యాటరీ నెగెటివ్ వైపుకు కలపడానికి వైరును కారు ఇనుప బాడీకి బిగించే చోటు. ఆ మాట పట్టుకునే ప్రశ్నలు రాశాను.

పరీక్ష డీలర్ వర్క్‌షాప్‌లోనే జరిగింది, రెండు పక్షాల సమక్షంలో. ఉదయం పదకొండుకు స్టార్ట్ చేశారు. అంతా నార్మల్. కంపెనీ ఇంజినీర్ మా వైపు చూసి తలూపాడు. ప్రొఫెసర్ ఏమీ మాట్లాడకుండా మల్టీమీటర్ ఒక తీగ బ్యాటరీ నెగెటివ్‌కు, ఇంకో తీగ కంట్రోల్ యూనిట్ ఎర్త్ పాయింట్ దగ్గర పెట్టారు. 0.08 వోల్టులు. నోట్ చేసుకున్నారు. తర్వాత ఏసీ ఫుల్‌లో పెట్టి, హెడ్‌లైట్లు వేసి, యాభై నిమిషాలు ఔటర్ రింగ్ రోడ్డు మీద తిప్పుకొచ్చారు. తిరిగొచ్చి ఇంజిన్ ఆపకుండానే మళ్లీ అదే రెండు చోట్ల తీగలు పెట్టారు. 0.67. అంతా మీటర్ మీదికి వంగారు. ఏసీ ఫ్యాన్ ఆన్ అయినప్పుడల్లా అంకె ఎగిరిపడుతోంది. ఎర్త్ బాగుంటే ఆ తేడా 0.1 దరిదాపుల్లోనే ఉండాలి. అంతకు మించితే కంట్రోల్ యూనిట్‌కు ప్రతి సెన్సర్ రీడింగూ తప్పుగానే కనిపిస్తుంది, ఏది ముందు హద్దు దాటితే దాని కోడ్ వస్తుంది.

ఇంజిన్ కాస్త చల్లబడ్డాక ఆ ఎర్త్ బోల్టు దగ్గరికి దారి చేశారు. విప్పబోతున్న టెక్నీషియన్‌ను ప్రొఫెసర్ ఆపి, టార్చి వేసి, ముందు ఫొటో తీయించారు. బోల్టు తల మీదినుంచి పక్కనున్న ఇనుప రేకు మీదికి ఒక సన్నటి పసుపు గీత ఉంది. ఫ్యాక్టరీలో బోల్టు సరిగ్గా బిగించాక పెట్టే గుర్తు అది. ఎవరైనా ఒక్కసారి విప్పి బిగించినా ఆ గీత రెండు ముక్కలుగా పక్కకు జరుగుతుంది. ఇక్కడ గీత తిన్నగా, తెగకుండా ఉంది. ‘ఈ గీత చెక్కుచెదరలేదని రాసుకోండి’ అని ఆయన రెండు పక్షాలకూ చెప్పి సంతకాలు తీసుకున్నాకే బోల్టు విప్పించారు. వైరు చివరి రింగు లేపితే, దాని కింద మెరిసే లోహం ఉండాల్సిన చోట కారు రంగు పెయింట్ కనబడింది. గుండ్రంగా, రింగు అచ్చుతో. ఒక అంచున మాత్రం పెయింట్ కాస్త గీరుకుని నల్లగా మాడి ఉంది. ఆ కాస్త అంచు మీదే కారు ఇన్నాళ్లూ నడిచింది.

టీచర్ గారు అక్కడే నిలబడి ఉన్నారు. “ఇంతేనా సార్?” అన్నారు నెమ్మదిగా.

ఉత్తర్వు

ఆ నివేదికతో తయారీ లోపం రుజువైంది. ఫ్యాక్టరీ గుర్తు చెదరలేదు, దాని కింద పెయింట్ ఉంది, ఇంకెవరూ చెయ్యి వేయలేదు. వాడకం వల్ల వచ్చిందన్న వాదన అక్కడితో ఆగిపోయింది. కానీ అదే నివేదిక మా మొదటి కోరికను బలహీనం చేసింది. లోపం ఒక బోల్టు కింద ఉందని తేలాక, పదకొండు లక్షల కారు మొత్తం మార్చమని అడగడం 2006 తీర్పుకు ఎదురు నిలబడటమే. అయినా వాదించాను. 2004లో ప్రీమియర్ ఆటోమొబైల్స్ కేసులో, లోపమున్న కారును సరికొత్తదని అమ్మజూడటం సిగ్గుచేటని సుప్రీంకోర్టు అన్న మాటలు చదివాను. ఏడు అవకాశాలిచ్చినా కనిపెట్టలేనివాళ్లకు ఎనిమిదోది ఎందుకివ్వాలని అడిగాను.

పరీక్షలు అవసరమైన కేసులు ఐదు నెలల్లో తేల్చాలని చట్టంలో ఉంది. మాకు పదహారు నెలలు పట్టింది. కమిషన్ కారు మార్చడానికి ఒప్పుకోలేదు. మా చివరి మెట్టును మాత్రం దాదాపు పూర్తిగా ఇచ్చింది. అదే ప్రొఫెసర్ పర్యవేక్షణలో ఎర్త్ పాయింట్లన్నీ సరిచేసి, వైరింగ్ హార్నెస్ (కారులోని వైర్ల కట్ట) మార్చి, వాటికి రెండేళ్ల కొత్త వారంటీ ఇవ్వాలి. ఏడాదిలోపు అదే లోపం మళ్లీ వస్తే కారు వెనక్కి తీసుకుని ధర వడ్డీతో చెల్లించాలి. పరిహారం ఇద్దరూ కలిపి లక్షన్నర, ఖర్చులు 15 వేలు. నిపుణుడి ఫీజు వెనక్కి.

ఆవిడ నిరాశపడ్డారు, దాచలేదు. “ఆ కారు చూస్తేనే భయమేస్తుంది సార్. మళ్లీ అదే కారా?” అన్నారు. అప్పీలుకు 45 రోజులుందని, వెళ్తే ఏం రావచ్చో, ఎంతకాలం పట్టొచ్చో, ఉన్నది పోయే ప్రమాదం ఎంతో ఉన్నదున్నట్టు చెప్పాను. వద్దనుకున్నారు. కంపెనీ కూడా వెళ్లలేదు. చెల్లించాల్సిన మొత్తంలో సగం ముందు జమ చేస్తేనే అప్పీలు తీసుకుంటారు. ఉత్తర్వు అమలు చేయకపోతే సెక్షన్ 72 కింద నెల నుంచి మూడేళ్ల దాకా జైలు లేదా జరిమానా ఉంది. ఈ రెండూ వాళ్ల లాయర్‌కు బాగా తెలుసు. చెక్కు నలభయ్యో రోజున వచ్చింది.

హార్నెస్ మార్చడానికి కారు ఇచ్చిన రోజు నేనూ వెళ్లాను. రిసెప్షన్‌లో కొత్త అడ్వైజర్, చేతిలో ట్యాబ్. “ప్రాబ్లం ఏంటి మేడం, జనరల్ చెకప్ అని పెట్టనా?” అన్నాడు.

“ఉండు బాబూ” అని ఆవిడ ట్యాబ్ తన వైపు తిప్పుకున్నారు. టీచర్ కదా, తొందరపడలేదు. ఎన్ని కిలోమీటర్ల దగ్గర, ఏ వేగంలో, ఎంతసేపు నడిపాక, ఏ లైట్ వెలిగిందో, కేసు నంబరు, ఉత్తర్వు తేదీతో సహా పదకొండు వరసలు టైప్ చేశారు. ప్రింట్ తీయించి, మొత్తం ఒకసారి చదువుకుని, అప్పుడు సంతకం పెట్టారు.